ఎక్కిళ్ళకు గడి లేదు

పొద్దున్న ఆరున్నరకి మొదటి ఎక్కిలి వచ్చింది. కాఫీ గ్లాసు ఇంకా పెదవి దాకా రానేలేదు.

"వచ్చిందా?" అంది అత్తగారు, పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే.

"వచ్చింది అత్తయ్యా."

"ఎవరో పనీపాటా లేనివాళ్ళు ఇంత పొద్దున్నే లేచి రాసుకుంటున్నారు. మనిషిని స్థిమితంగా ఒక్క గుక్క తాగనివ్వరు కదా."

ఆవిడ మంట తగ్గించి, కిటికీ పక్క కుర్చీలో ఉన్న ఉన్ని అల్లిక తీసి, ఒక ముడి వేసి, మళ్ళీ కుర్చీలో పడేసింది. ఎక్కిలికి ఒక ముడి. ఆరేళ్ళ కిందట చేతిరుమాలు అనుకుని మొదలుపెట్టింది. అది బల్లగుడ్డ అయింది, శాలువా అయింది, ఇప్పుడు ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుంటే తప్ప మడత పడని దుప్పటి అయి కూర్చుంది. సాయంత్రం కోడలు ఇంటికి రాగానే "ఇవాళెన్ని?" అని అడిగి మిగతా ముడులు వేస్తుంది. కొడుకు రైలు నడుపుతాడు, రెండు రోజులకోసారి ఇంటికొస్తాడు. వచ్చినప్పుడల్లా దుప్పటి ఎంత పెరిగిందో చూసి, "బాగానే తలుచుకుంటున్నారే నిన్ను" అని భార్యతో అని, పడుకుని నిద్రపోతాడు.

తలుచుకుంటే ఎక్కిళ్ళు వస్తాయి. ఇందులో కొత్తగా చెప్పుకోవలసింది ఏమీ లేదు. విందులో తిన్న కూరని ఎవరైనా పదేళ్ళ తర్వాత తలుచుకుంటే ఎక్కిలి వచ్చేది వండిన మనిషికి, విందు ఇచ్చిన ఆసామికి కాదు. చొక్కా బాగా కుదిరిందనుకుంటే కుట్టిన దర్జీకి. పరిశోధన పేపర్లకీ అంతే. ప్రపంచంలో ఏ మూలనైనా ఒక శాస్త్రవేత్త తన రాతలో ఇంకొకరి పనిని ప్రస్తావించి పక్కన చిన్న నంబరు వేశాడంటే, ఆ పని నిజంగా చేసిన మనిషికి ఆ క్షణాన ఒక ఎక్కిలి. పైన పేరు ఎవరిదని ఎక్కిలి అడగదు.

కోడలి పని గార మీద. నీళ్ళు మరిగే చోటల్లా గొట్టాల లోపల తెల్లగా, రాయిలా పేరుకుంటుందే, అది. రోజూ కొంచెం కొంచెంగా గొట్టం గొంతు నొక్కేసే రకం. ఆ గార అంటకుండా లోపల పూసే పూతని ఆమె ఆరేళ్ళ కిందట కనిపెట్టింది. అందుకని ఆమె పనిచేసే పరిశోధన సంస్థలో అందరూ ఆమెని గారమ్మ అంటారు. ఎదురుగా మేడమ్, వెనక గారమ్మ. ఆమెకి రెండూ వినిపిస్తాయి.

ఆ పూత మీద వచ్చిన పేపరుని ఇప్పటికి నాలుగువేల రెండువందల పేపర్లు ప్రస్తావించాయి. సంస్థ మొత్తానికి అంత పేరు తెచ్చిన పేపరు ఇంకోటి లేదు. దాని మీద మొదటి పేరు పెద్దసారుది, అంటే సంస్థ డైరెక్టరుది. రెండో పేరు ఆయన అల్లుడిది. మూడో పేరు లేదు. గారమ్మ పేరు చివరి పేజీలో, కృతజ్ఞతల్లో, వేళకి కరెంటు ఇచ్చిన విభాగానికీ గాజు గొట్టాలు ఊదిన మేస్త్రికీ మధ్య ఉంది. 'ప్రయోగాల్లో సహకరించినందుకు' అట. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే సోకు చేసుకున్నవాడికి ఎక్కిళ్ళు రావు. ఈ లోకంలో ఇంకా ఎవడూ కాజెయ్యలేకపోయిన వస్తువు అదొక్కటే.

పెద్దసారు పేరు మీద నాలుగువందల పన్నెండు పేపర్లున్నాయి. మనిషికి పాతికేళ్ళలో ఒక్క ఎక్కిలి రాలేదు. సభలో రెండు గంటలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడగలడు. అందరూ దాన్ని ఆయన ఆరోగ్యం అన్నారు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పకపకా నవ్వాలి కదా ఆ మాటకి! ఎవరూ నవ్వలేదు. అందరికీ ఉద్యోగాలున్నాయి.

పేపరు అచ్చయిన రోజు గారమ్మ ఆయన గదికి వెళ్ళింది. అప్పటికే రెండు ఎక్కిళ్ళు వచ్చాయి, మూడోది ఆయన ఎదురుగానే వచ్చింది.

"సార్, నా పేరు లేదు."

"చివర్లో ఉందిగా."

"పని నాది సార్. మీకూ తెలుసు. ఇదిగో, చూస్తున్నారుగా." మళ్ళీ ఎక్కిలి.

ఆయన జాలిగా చూసి, బల్ల మీది గాజు జగ్గులోంచి నీళ్ళు వంచి గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. "నీళ్ళు తాగమ్మా. అలవాటైపోతుంది."

ఆ మాట ఆమెకి ఆరేళ్ళుగా అరగలేదు.

సంస్థ భవనానికి ఎడమ పక్క కెమిస్ట్రీ, కుడి పక్క ఇంజనీరింగ్, మధ్యలో మెట్లు. ఆ మెట్ల కింద, ఒకప్పుడు చీపుర్లూ బకెట్లూ పెట్టుకున్న గది గారమ్మది. పూత తయారుచెయ్యడం కెమిస్ట్రీ, పూసిన గొట్టంలో వేడినీళ్ళు పరిగెత్తించి చూడటం ఇంజనీరింగ్. ఉద్యోగం పర్మనెంట్ చెయ్యండి మహాప్రభో అని అడిగితే ఎడమ పక్కవాళ్ళు "నువ్వు గొట్టాల మనిషివి, అటు అడుగు" అన్నారు. కుడి పక్కవాళ్ళు "నువ్వు సీసాల మనిషివి, అటు అడుగు" అన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అయి పదకొండేళ్ళుగా ఏడాదికోసారి కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెడుతోంది. పెద్దసారు మాత్రం అదే పేపరుని రెండు పక్కలా చూపించుకుని, రెండు శాస్త్రాల్లోనూ పతకాలు తెచ్చుకున్నాడు. ఆయన చేస్తే పాండిత్యం, ఈమె చేస్తే ఎటూ కాని పని.

ఈ ఏడాదితో ఆమెకి నలభై ఐదు నిండుతాయి. ఆ తర్వాత పర్మనెంట్ ఉద్యోగానికి అర్హత లేదు. నెలాఖరులోగా ఫారం ఇవ్వాలి, ఇదే ఆఖరు. ఆ ఫారం పట్టుకుని ఆ పొద్దున్న ఆమె ఉద్యోగుల విభాగం సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచివాడే. మంచివాళ్ళతోనే ఎక్కువ చిక్కు.

"మీ పేపర్ని ఎంతమంది ప్రస్తావించారో ఈ గడిలో వెయ్యాలమ్మా. మీరు ఖాళీగా వదిలేశారు."

"ఎంత వెయ్యను? మా అత్తయ్య లెక్క ప్రకారం తొమ్మిదివేల చిల్లర. రాసి కొట్టేసినవాళ్ళవి కూడా వస్తాయి కదండీ నాకు."

"అలా కాదు. మీ పేరు పైన అచ్చయిన పేపర్లవి."

"పైన అచ్చుకాలేదు కాబట్టే కదా..." అంటుండగానే ఎక్కిలి వచ్చింది. వెంటనే ఇంకోటి. కుర్చీ కదిలేంత గట్టిగా మూడోది.

సూపరింటెండెంటు మర్యాదగా ఆగాడు. "వస్తున్నాయమ్మా, కాదనను. ఆరేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. కానీ ఫారంలో ఎక్కిళ్ళకి గడి లేదు. అచ్చులో లేనిది లేనట్టే లెక్క."

"అచ్చులో ఉన్నాయన గొంతు ఎందుకంత నున్నగా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా?"

ఆయన ఫారం అంచులు సరిచేశాడు. "ఆలోచించడానికి కూడా గడి లేదమ్మా" అన్నాడు నెమ్మదిగా. హాస్యానికి అన్నాడో, ఏడుపు దాచుకోడానికి అన్నాడో తెలియలేదు. గారమ్మ ఫారం లాక్కుని మెట్లు దిగింది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ పన్నెండు మెట్లలో ఆమెకి అక్షరాలా తెలిసొచ్చింది.

మెట్ల కింద గాజుమేస్త్రి నిలబడి ఉన్నాడు. ప్రయోగాలకి కావలసిన వంకర గొట్టాలన్నీ మంట మీద ఊదేది ఆయనే. బుగ్గలు సొట్టలు పడి ఉంటాయి, చేతుల మీద పాత కాలిన మచ్చలు. గారమ్మ పూతని పరీక్షించడానికి ఆయన ఊదిన జంటగొట్టం గురించి కూడా అక్కడక్కడా రాస్తుంటారు. నెలకి నాలుగైదు ఎక్కిళ్ళు ఆయనవి. అవి వచ్చిన రోజు మీసం దువ్వుకుంటాడు.

ఆ రోజు దువ్వుకోలేదు. "మేడమ్, విన్నారా? ఏదో ఆసుపత్రిలో బట్టలుతికే చోట బాయిలరు గొట్టం పగిలిందట. అక్కడ పనిచేసే ఆవిడకి చెయ్యి మోచేతి దాకా కాలిపోయిందట."

"అయ్యో. బతికే ఉందా?"

"ఉంది. చెయ్యే..." మేస్త్రి ఆగి, గొంతు తగ్గించాడు. "లోపల పూత పూసి ఉందట మేడమ్. మన పూత. పొలుసులు పొలుసులుగా లేచి గొట్టానికి అడ్డం పడిందట."

గారమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది.

ఎందుకంటే ఆమెకి తెలుసు. నూట ముప్ఫై డిగ్రీలు దాటితే ఆ పూత తొమ్మిదోరోజున లేస్తుంది. మూడుసార్లు పరీక్షించి, మూడుసార్లూ అదే చూసి, పేపరు చిత్తుప్రతి ఏడో పేజీలో స్పష్టంగా రాసింది: నూట ముప్ఫై దాటితే పొర ఊడుతుంది, బాయిలర్లకి వాడరాదు. అచ్చయిన పేపర్లో ఆ వాక్యం లేదు. దాని చోట 'ఈ పూత అన్ని ఉష్ణోగ్రతల్లోనూ నిలుస్తుంది' అని ఉంది. అప్పుడే అడిగింది. "చదివేవాడికి ఉత్సాహం ఉండాలమ్మా. వాడకూడదు అనే మాటతో ఎవరైనా పేపరు ముగిస్తారా?" అన్నాడు పెద్దసారు. తర్వాత ఆమె ఆయనకి రెండు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. మూడోది రాయకపోవడం తన తప్పని, ఆ మెట్టు మీద కూర్చుని తన్ను తాను తిట్టుకుంది. కాలింది ఎవరి చెయ్యి? ఆ పేపరు మొహం కూడా చూడని మనిషి చెయ్యి.

మర్నాడే ఆమె చేతికి కాగితం వచ్చింది. ప్రయోగాల బాధ్యత పూర్తిగా ఆమెదేనని డైరెక్టరు రాసిచ్చాడనీ, విచారణకి హాజరు కావాలనీ, తప్పు రుజువైతే ఉద్యోగం తీసేసి కేసు పెడతారనీ అందులో ఉంది.

గారమ్మ తలుపు తట్టకుండా పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

"నా ప్రయోగాల నోట్‌బుక్కు ఇవ్వండి."

నోట్‌బుక్కులు సంస్థ ఆస్తి, అన్నీ ఆయన అల్మారాలోనే ఉంటాయి. ఆయన లేచి, వెతక్కుండానే తీసిచ్చాడు. నూట ముప్ఫై డిగ్రీల పరీక్షలు రాసిన పేజీ లేదు. చింపిన అంచు కూడా లేదు, బ్లేడుతో అంత శుభ్రంగా కోశారు.

"ఇది మీరు చేశారు."

"నిదానంగా మాట్లాడమ్మా. అన్ని ప్రయోగాలూ నీవే కదా? ఆరేళ్ళుగా నువ్వంటున్నదే అది. ఇప్పుడు నేను ఒప్పుకుంటున్నాను." ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఎక్కిళ్ళు కూడా నీకే వస్తున్నాయి మరి."

  ఆమెకి ఆ జగ్గు ఎత్తి ఆయన నెత్తిన బోర్లించాలన్నంత కోపం వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని బయటికొచ్చింది. పేరొచ్చినప్పుడు చివరి పేజీ, తప్పొచ్చినప్పుడు మొదటి పేజీ. ఇంటికెళ్ళి అత్తగారికి చెప్తే ఆవిడ అల్లిక తీసి కుర్చీలో పడేసింది.

"నీకోసం ఇన్ని ముడులు వేశాను" అంది. "వాడికోసం ఒక్కటి వేసే యోగం కలక్కపోతుందా?"

విచారణ సంస్థలోనే, రెండో అంతస్తు సమావేశం గదిలో జరిగింది. పొడుగాటి బల్ల, నీళ్ళ జగ్గు, కిటికీకి ఒక రెక్క సరిగ్గా పడదు. బల్లకి ఒక కొసన పెద్దసారు, పక్కన అల్లుడు. ఇంకో కొసన గారమ్మ ఒక్కతే. సాక్షిగా పిలిచినందుకు గాజుమేస్త్రి గోడవారగా నిలబడ్డాడు. సూపరింటెండెంటు ఫైళ్ళు పట్టుకొచ్చాడు. ఓ పక్కన టైపిస్టు.

మధ్యలో కూర్చున్నది బాయిలర్ల ఇన్‌స్పెక్టరమ్మ. డెబ్భై దగ్గరపడుతున్న మనిషి, రిటైరయినా ఇలాంటివాటికి పిలుస్తారు. జీవితమంతా బాయిలర్ల హోరులో గడిపి చెవులు సగం పోయాయి. చేతిసంచీలోంచి కళ్ళజోడూ, చిన్న ఇత్తడి సుత్తీ తీసి బల్ల మీద పెట్టుకుంది.

"ఏడో పేజీలో వాక్యం ఎవరు రాశారు?" అంది.

"ప్రయోగాలు చేసినవారే రాస్తారు కదండీ" అన్నాడు పెద్దసారు. సభల్లో మాట్లాడే గొంతు, నూనె రాసినట్టుంది. "నేను పెద్దతనంతో పేరు పెట్టానంతే. ఈ అమ్మాయి కష్టజీవి. పాపం, ఎక్కడో పొరపాటు చేసింది. క్షమించమనే నా మనవి."

"మామయ్యగారు చెప్పింది నిజం" అన్నాడు అల్లుడు.

క్షమించమన్నాడు! గారమ్మ లేచి నిలబడింది. "నేను రాయలేదు. నూట ముప్ఫై దాటితే వాడకూడదని రాశాను. ఆయన కొట్టేశాడు. నోట్‌బుక్కులో పేజీ కోశాడు. నాకు మీ క్షమాపణ అక్కర్లేదు, ఎవరి పాపం వాళ్ళ నెత్తిన పెట్టండి చాలు."

"కూచో అమ్మాయ్. అరవకు, నాకు ఎలాగూ సగమే వినపడుతుంది." ఇన్‌స్పెక్టరమ్మ సుత్తి చేతిలోకి తీసుకుంది. "బాయిలర్లో మూడొందల గొట్టాలుంటాయి. ఏది పాడైందో పైకి తెలీదు. ఏం చేస్తాం? వరసగా ఒక్కోదాన్నీ తడతాం. బాగున్నది ఒకలా పలుకుతుంది, పుచ్చినది ఇంకోలా పలుకుతుంది. ఈ పేపర్ని కూడా అలాగే తట్టి చూద్దాం. ఏమ్మా టైపిస్టూ, నేను చెప్పినచోటల్లా పేజీతో సహా ప్రస్తావన నంబరు వేసి రికార్డులో టైప్ చెయ్యి."

గదిలో ఎవరికీ ఇది వింతగా అనిపించలేదు. ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చెయ్యలేదన్నదే వింత. పేపరుని మొత్తంగా కాక పేజీ పేజీగా ప్రస్తావించడం అందరికీ తెలిసిన ఉపాయమే. పేరు పంచేటప్పుడు టైపిస్టుని పిలవాలని ఎవరికీ తోచలేదు. ఒక మనిషి చెయ్యి కాలి, తప్పు పంచవలసి వచ్చేసరికి తోచింది.

"మొదటి పేజీ. పూత తయారీ."

టైపిస్టు వేళ్ళు కదిలాయి. గారమ్మకి ఎక్కిలి వచ్చింది.

"రెండో పేజీ, మొదటి పట్టిక."

గారమ్మ.

"మూడో పేజీ, జంటగొట్టం బొమ్మ."

గోడ దగ్గర గాజుమేస్త్రి ఎగిరిపడ్డాడు. అంత గంభీరమైన గదిలోనూ చెయ్యి మీసం మీదికి వెళ్ళింది.

"నాలుగు. ఐదు. ఆరో పేజీలో రెండు గ్రాఫులూ." గారమ్మ, గారమ్మ, గారమ్మ, మళ్ళీ గారమ్మ. ఆరేళ్ళుగా ఒంటరిగా పడ్డ ఎక్కిళ్ళు ఇప్పుడు పదిమంది ఎదురుగా, వరసగా, ఒక్కో పేజీకీ హాజరు పలుకుతున్నాయి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖం కాదు, పచ్చికోపం.

ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి అల్లుడి వంక చూసింది. "తమరు ఇంకా పలకలేదు?"

అల్లుడు కిటికీ వంక చూశాడు.

"సరే. ఏడో పేజీ, మూడో పేరా, ఆఖరి వాక్యం. అన్ని ఉష్ణోగ్రతల్లోనూ నిలుస్తుంది."

టైపిస్టు టైప్ చేసింది. గారమ్మ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. ఎక్కిలి రాలేదు. మేస్త్రికి రాలేదు.

పెద్దసారు భుజాలు చిన్నగా అదిరాయి. నోరు గట్టిగా మూసుకున్నాడు. మెడ నరాలు లేచాయి. దొంగకి తేలు కుట్టినట్టు అంటారే, ఆ మొహం.

"వినపళ్ళేదు" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "మళ్ళీ టైప్ చెయ్యి."

ఈసారి వినపడింది. పాతికేళ్ళుగా వాడని గొంతులోంచి వచ్చిన ఎక్కిలి, తుప్పుపట్టిన కవాటం విప్పినప్పటి మోత. బల్ల మీద జగ్గులో నీళ్ళు కదిలాయి.

"అది... అది నా..." అన్నాడు. టైపిస్టు పొరపాటున అదే మీట మళ్ళీ నొక్కిందో, కావాలనే నొక్కిందో, ఇంకోటి వచ్చి ఆ మాట మధ్యలోనే తెగిపోయింది.

"మీదే" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఎనిమిది పేజీల్లో మీరు సొంతంగా చేసిన పని ఇదొక్కటే, ఎవరూ కాదనరు." సుత్తి సంచీలో వేసుకుంది. "ఏ పేజీ ఎవరిదో పేరుపేరునా రికార్డులో రాయమ్మా. నివేదిక అచ్చువేయించి బాయిలర్లున్న ప్రతి ఆఫీసుకీ పంపాలి."

మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గినట్టు నవ్వాడు. గారమ్మకి నవ్వు రాలేదు. ఆ ఆసుపత్రి ఆవిడకి ఎక్కిళ్ళు వస్తున్నాయో లేదో, ఆవిడ ఉతికిన దుప్పట్లని ఏ రోగి అయినా తలుచుకున్నాడో లేదో అని ఆలోచిస్తూ కూర్చుంది.

నివేదిక పదిహేను రోజుల్లో అచ్చయింది. దాంతోపాటు కాలిన చేతికి పరిహారం ఉత్తర్వూ, పెద్దసారు కుర్చీ దిగాలన్న ఉత్తర్వూ వచ్చాయి. నెలాఖరుకి ఇంకా రెండు రోజులుండగా సూపరింటెండెంటే ఫారం పట్టుకుని మెట్ల కింద గదికి వచ్చాడు. అంతకుముందెప్పుడూ ఆయన అక్కడికి రాలేదు. తలుపు చిన్నది, తల వంచి రావాలి.

"మేడమ్, ఇప్పుడు అచ్చులో ఉంది. జంటగొట్టం బొమ్మ తప్ప ఒకటి నుంచి ఆరు పేజీలూ మీవని నివేదికలో ఉంది. ఆ గడిలో నాలుగువేల రెండువందలు వేశాను. సంతకం పెడితే చాలు."

"ఏ పక్క రాశారు? కెమిస్ట్రీయా, ఇంజనీరింగా?"

"రెండూ రాశాను. ఒకటి కొట్టెయ్యమంటే ఎవరొచ్చి కొట్టేస్తారో చూస్తాను" అన్నాడాయన. ఆ మనిషి గొంతులో కోపం వినడం ఆమెకి అదే మొదలు. పదకొండేళ్ళు ఎక్కడ దాచుకున్నారండీ దీన్ని అని అడగబోయి, సంతకం పెట్టింది.

ఇక నివేదిక అందిన చోటల్లా హెచ్చరికలు రాయడం మొదలైంది. పంచదార మిల్లులు, అద్దకం కార్ఖానాలు, ఆసుపత్రులు, హోటళ్ళు. బాయిలరున్న ప్రతివాడూ గోడకి ఒక కాగితం అతికించాడు: ఏడో పేజీ, మూడో పేరా, ఆఖరి వాక్యం నమ్మవద్దు. కాగితం కాగితానికీ పక్కన ప్రస్తావన నంబరు. లోకంలో ఎన్ని బాయిలర్లున్నాయో ఎవరికి తెలుసు?

మరో పది రోజులకి, మధ్యాహ్నం, పెద్దసారు మెట్ల కింద గదికి వచ్చాడు. గది ఖాళీ చేస్తూ వచ్చాడు కాబోలు, చంకలో పతకాల పెట్టె ఉంది. చొక్కా ముందు భాగమంతా తడి. కళ్ళు గుంటలు పడ్డాయి. నిమిషానికి రెండు ఎక్కిళ్ళు. నిద్రలో కూడా ఆగడం లేదట. అల్లుడు ఫోను ఎత్తడం లేదట. ఇవన్నీ చెప్పడానికి ఆయనకి పావుగంట పట్టింది.

గారమ్మ వింటూనే జంటగొట్టంలో పూత చూసుకుంటోంది. కొత్త పూత. నూట నలభై డిగ్రీలు, ఎనిమిదో రోజు.

"నువ్వు... కెమిస్ట్రీ తెలిసినదానివి" అన్నాడు పెద్దసారు. "ఆరేళ్ళు... భరించావు. ఏదైనా... ఉపాయం ఉంటే..."

ఆమె తిరిగి చూసింది. జాలి వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగింది. రాలేదు. కళ్ళ ముందు ఎప్పుడూ చూడని ఒక మోచెయ్యి కనపడింది. తొమ్మిదివేల ముడుల దుప్పటి కనపడింది. ఖాళీగా ఉన్న ఒక గడి కనపడింది.

కూజాలోంచి నీళ్ళు వంచి, గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

"నీళ్ళు తాగండి సార్. అలవాటైపోతుంది."

ఆయన గ్లాసు ఎత్తాడు. పెదవి దాకా రాకముందే ఇంకెక్కడో ఎవరో ఇంకో కాగితం రాశారు. నీళ్ళు పతకాల పెట్టె మీద పడ్డాయి. గారమ్మ గుడ్డ ముక్క ఒకటి ఆయన చేతికిచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఉష్ణోగ్రత చూసి నోట్‌బుక్కులో రాసుకుంది. ఆ పేజీకి అడుగున తన పేరూ, మేస్త్రి పేరూ రాసి, పుస్తకం తన సంచీలోనే పెట్టుకుంది.